పాత అమెరికన్ బొంత డిజైన్‌ను గుర్తుపట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎస్టేట్ సేల్‌లోనో (ఇంటి పెద్దలు పోయాక ఇంటి సామానంతా అమ్మే చోట), పాత సామాన్ల దుకాణంలోనో, ఇల్లు ఖాళీ చేస్తూ పక్కింటి పెద్దావిడ ఇచ్చిన పెట్టెలోనో ఒక చేతికుట్టు బొంత దొరుకుతుంది. అమెరికాలో ఉంటున్న మనవాళ్ళు దాన్ని ఇంటికి తెచ్చుకుని, ఫొటో తీసి, "ఇదేం డిజైనో చెప్తారా?" అని నాకు పంపుతుంటారు. ఈ బొంతలంటే నాకు ప్రాణం కాబట్టి ఎన్నిసార్లయినా చెబుతాను. కానీ సందేహాలు మాత్రం తిరిగి తిరిగి అవే వస్తున్నాయి. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## చేతికి రాగానే

బొంతంతా గందరగోళంగా ఉంది. ముందు ఏం చూడాలి?

ముందు దూరం నుంచి చూడండి. నేల మీద పూర్తిగా పరిచి, స్టూలు ఎక్కి పై నుంచి ఒక ఫొటో తీయండి. ఆ ఫొటోను ఫోన్‌లోనే బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. రంగులు పోగానే ముదురు, లేత అన్న తేడా ఒక్కటే మిగులుతుంది. అప్పటిదాకా కనబడని నక్షత్రమో, మెట్లో, ఉంగరమో పైకి తేలుతుంది. పాత బొంతల్లో ఇంట్లో ఉన్న చీటీ గుడ్డలు, చొక్కా ముక్కలు, లంగా ముక్కలు అన్నీ కలిసిపోయి ఉంటాయి. వాటి మీది పువ్వులే మన కంటిని తప్పుదారి పట్టిస్తాయి. కుట్టినావిడ మాత్రం ముదురు ఎక్కడ, లేత ఎక్కడ అని లెక్క వేసుకునే కుట్టింది.

ఒక డిజైన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియడం లేదు. ఎలా?

అమెరికన్ బొంతల్లో ఎక్కువ భాగం ఒకే చదరాన్ని పదే పదే కుట్టి, పక్కపక్కన అతికినవే. ఆ చదరాన్ని బ్లాక్ అంటారు. దాన్ని పట్టుకోవాలంటే కళ్ళకంటే వేళ్ళే నయం. కుట్టు వెంట వేలు పెట్టి జరపండి. ఎక్కడా విరగకుండా, ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగా పోయే కుట్టు దొరికితే అది బ్లాకుల వరుసలను కలిపిన కుట్టు. అడ్డంగా రెండు, నిలువుగా రెండు అలాంటివి దొరికితే మధ్యలో ఉన్నది మీ బ్లాక్. కొన్ని బొంతల్లో బ్లాకులను ఏటవాలుగా, గాలిపటంలా నిలబెట్టి అతుకుతారు. అప్పుడు ఈ పొడవాటి కుట్లు కూడా ఏటవాలుగానే పోతాయి.

ఒక చిక్కు చెప్పాలి. నాలుగు బ్లాకులు కలిసిన మూల దగ్గర కొత్త ఆకారం పుడుతుంది, చాలామంది దాన్నే డిజైన్ అనుకుంటారు. ఒకావిడ "వజ్రాల బొంత" అని పంపిన ఫొటో తీరా చూస్తే లాగ్ క్యాబిన్, అంటే నడుమ చదరం చుట్టూ పట్టీలు పేర్చే డిజైన్. వజ్రం కనబడేది నాలుగు బ్లాకులు కలిసిన చోట మాత్రమే, ఒక్క బ్లాక్‌ను విడిగా చూస్తే వజ్రమే లేదు.

ముక్కలు ఒకదానితో ఒకటి అతికారా, గుడ్డ మీద పెట్టి కుట్టారా? ఈ తేడా ఎందుకంత ముఖ్యం?

ఎందుకంటే రెండింటినీ వెతికే చోట్లు వేరు. ముక్క అంచును ముక్క అంచుతో కలిపి కుడితే అది అతుకుల బొంత, ప్యాచ్‌వర్క్. అడుగున ఒక పూర్తి గుడ్డ ఉండి, దాని మీద ఆకునో పువ్వునో కత్తిరించి పెట్టి చుట్టూ కుడితే అది అప్లికే. పువ్వు పక్కన గుడ్డను చిటికెన వేలితో కాస్త పైకి లాగి చూడండి. పువ్వు కింద కూడా గుడ్డ ఉన్నట్టు రెండు పొరలు తెలిస్తే అప్లికే.

అప్లికే బొంత మీద సన్నటి నీలం చుక్కల వరుసలు వెలిసీ వెలవనట్టు కనబడితే అది కిట్‌తో కుట్టింది. 20వ శతాబ్దంలో ముక్కలు, గుర్తులు అచ్చువేసిన గుడ్డ కలిపి ప్యాకెట్లుగా అమ్మేవారు. కిట్ అని తేలితే మంచిదే, పేరు దొరకడం సులువవుతుంది.

తెల్ల గుడ్డ మీద టాకాలు తప్ప ఏమీ లేవు. దీనికీ పేరుంటుందా?

దాన్ని హోల్‌క్లాత్ బొంత అంటారు. ఇందులో డిజైన్ అంతా పొరలను కలిపి కుట్టే టాకాలదే: ఈకలు, తాడు మెలికలు, అనాసపండు, గళ్ళు. గదిలో లైటు ఆర్పి, టార్చిని పక్క నుంచి నేలబారుగా వేసి చూడండి. టాకాల నీడలు పడి బొమ్మ కనబడుతుంది.

## పేరు వెతికేటప్పుడు

నాలుగు గళ్ళు, తొమ్మిది గళ్ళు అని లెక్కపెడతారట. ఆ లెక్కేంటి?

పేరు పట్టుకోవడానికి అసలు తాళంచెవి ఇదే. మనం ముగ్గు వేసే ముందు ఎన్ని చుక్కలు, ఎన్ని వరుసలు అని చూసుకోమూ? బొంత బ్లాక్ కూడా అంతే. దాని వెనక కనబడని గళ్ళు ఉంటాయి. ఒక పక్క పొడవునా ఎన్ని సమాన భాగాలు పడతాయో లెక్కపెట్టాలి.

రెండో, నాలుగో పడితే ఫోర్ ప్యాచ్ కుటుంబం. మూడు పడితే నైన్ ప్యాచ్. ఐదు పడితే ఫైవ్ ప్యాచ్, ఏడు పడితే సెవెన్ ప్యాచ్. ఉదాహరణకు ఒహాయో స్టార్ తీసుకోండి. మూడింటికి మూడు, మొత్తం తొమ్మిది గళ్ళు. నాలుగు మూలలూ, నడుమ గడీ మామూలు చదరాలు. మిగిలిన నాలుగు గళ్ళలో ఒక్కోదాన్ని కర్ణాల మీద నాలుగు ముక్కోణాలుగా విడగొడతారు. అంతే, ఎనిమిది మొనల నక్షత్రం తయారు. అదే బేర్స్ పా, అంటే ఎలుగుబంటి పంజా, ఏడింటికి ఏడు గళ్ళది. నడుమ ఒక గడి వెడల్పున శిలువలాంటి పట్టీ, నాలుగు మూలల్లో మూడేసి గళ్ళ పంజాలు, పంజా అంచున గోళ్ళలా చిన్న ముక్కోణాలు.

గళ్ళ కాగితం తీసుకుని మీ బ్లాక్ గీయండి. గీసేటప్పుడే సగం తెలిసిపోతుంది. పాత బొంతల్లో ముక్కలు అటూ ఇటూగా ఉంటాయి కాబట్టి ఒకటి కాదు, నాలుగైదు బ్లాకులు కొలిచి చూడండి.

ఎక్కువగా దొరికే డిజైన్లు ఏవి? చూడగానే గుర్తుపట్టేలా చెప్పండి.

లాగ్ క్యాబిన్: నడుమ ఒక చిన్న చదరం, చాలాసార్లు ఎర్రది. దాని చుట్టూ సన్నటి పట్టీలు, దుంగలు పేర్చినట్టు. మూల నుంచి ఎదుటి మూలకు గీత గీస్తే, దానికి ఇటు లేత రంగులు, అటు ముదురు రంగులు. 1860ల చివరి నుంచి బాగా వ్యాపించింది. బ్లాక్ ఒకటే అయినా పేర్చిన తీరును బట్టి పేరు మారుతుంది. వజ్రాల్లా వలయాలుగా పేరిస్తే బార్న్ రైజింగ్, నాగటిచాళ్ళలా ఏటవాలు గీతలు వస్తే స్ట్రెయిట్ ఫర్రో.

గ్రాండ్‌మదర్స్ ఫ్లవర్ గార్డెన్ అంటే షడ్భుజాలు. నడుమ ఒకటి, చాలావరకు పసుపుది, చుట్టూ ఆరు, ఆ చుట్టూ పన్నెండు, పువ్వుకూ పువ్వుకూ మధ్య తెలుపో ఆకుపచ్చో దారి. షడ్భుజాల కుట్టు 1835 నాటికే అమెరికాలో ఒక మహిళా పత్రికలో అచ్చయింది గానీ, ఈ తోట రూపంలో ఇంటింటికీ చేరింది 1920ల్లో, 1930ల్లో.

డబుల్ వెడ్డింగ్ రింగ్ చూస్తే మరిచిపోరు. చిన్న చిన్న ముక్కలతో చేసిన ఉంగరాలు ఒకదాంట్లో ఒకటి దూరి ఉంటాయి, బొంత అంచు కూడా తిన్నగా కాక వంపులు తిరిగి ఉంటుంది. డ్రెస్డెన్ ప్లేట్ అంటే పదహారో ఇరవయ్యో రేకులను పళ్ళెంలా గుండ్రంగా కలిపి గుడ్డ మీద కుట్టింది. డ్రంకర్డ్స్ పాత్‌లో చదరం మూలన పావు వృత్తం ఉంటుంది, ఆ చదరాలను తిప్పి పేరిస్తే తడబడుతూ నడిచిన దారి కనబడుతుంది. మొహం కనబడని పెద్ద టోపీ పిల్ల ఉంటే సన్‌బానెట్ స్యూ.

ఇక బొంత నిండా ఒకే ఒక్క మహా నక్షత్రం, నడుమ నుంచి వందల వజ్రపు ముక్కలు అలల్లా విచ్చుకుంటే అది లోన్ స్టార్. స్టార్ ఆఫ్ బెత్లెహేమ్ అని కూడా అంటారు. అయితే ఉత్తర, దక్షిణ డకోటా రాష్ట్రాల వైపు లకోటా అనే అమెరికా మూలవాసీ తెగ మహిళలు కుట్టినదైతే దాన్ని మార్నింగ్ స్టార్ అనడమే న్యాయం. వాళ్ళు పుట్టుకకీ, చావుకీ, సన్మానానికీ ఇచ్చే బొంత అది.

షడ్భుజాల బొంత లోపల కాగితాలు గరగరమంటున్నాయి. తీసేయాలా?

తీయకండి. షడ్భుజాలు కచ్చితంగా కుదరాలని, ముందు కాగితం కత్తిరించి, గుడ్డను దాని మీద మడిచి, కచ్చా కుట్టు వేసి, తర్వాత ముక్కలను కలుపుతారు. పని పూర్తయ్యాక కాగితం లాగేస్తారు. పూర్తికాని పైపొరల్లో, అంటే దూదీ అడుగు గుడ్డా ఇంకా చేర్చని అతుకుల గుడ్డల్లో, అవి అలాగే ఉండిపోతాయి. నా దగ్గరున్న ఒక పైపొర వెనక పాత ఉత్తరాలు, దినపత్రిక ముక్కలు ఉన్నాయి. ఒక షడ్భుజం మీద పెన్సిల్‌తో గుడ్ల లెక్క: డజన్లు, పక్కన సెంట్లు, కింద గీత. దాని మీది గులాబీ గుడ్డ కంటే ఆ గీతనే ఎక్కువసార్లు చూసుకుంటాను. కాగితం మీద తేదీ ఉంటే, ఆ ముక్క అంతకుముందు కుట్టింది కాదని ఖాయం. ఎంత తర్వాత కుట్టారో మాత్రం కాగితం చెప్పదు.

ఒకరు ఒక పేరు చెబుతారు, ఇంకొకరు ఇంకో పేరు. ఏది కరెక్ట్?

తరచుగా అన్నీ కరెక్టే. చర్న్ డాష్ అన్న బ్లాక్ ఉంది. వెన్న చిలికే కవ్వం అని అర్థం. దాన్నే ఇంకొకరు హోల్ ఇన్ ద బార్న్ డోర్ అంటారు, పశువులకొట్టం తలుపులో కంత. మెకానిక్ కంటికి అదే డబుల్ మంకీ రెంచ్, మన పానా. కవ్వం పట్టినావిడకు కవ్వం కనబడింది, పానా పట్టిన ఇంట్లో పానా కనబడింది. బేర్స్ పాను కూడా కొన్నిచోట్ల బురదలో బాతు అడుగు అన్నారు.

మొదట్లో ఈ బ్లాకులకు అచ్చు పేర్లు లేవు, ఇంట్లో పిలుచుకున్న పేర్లే. 1890ల్లో సెయింట్ లూయిస్‌కు చెందిన లేడీస్ ఆర్ట్ కంపెనీ వందల డిజైన్లను పేర్లతో సహా క్యాటలాగ్‌లో అమ్మింది. 1928 నుంచి 1961 దాకా కాన్సాస్ సిటీ స్టార్ పత్రిక వెయ్యికి పైగా డిజైన్లు అచ్చువేసింది. సిన్సినాటిలో తయారైన మౌంటెన్ మిస్ట్ దూది పొర చుట్టిన కాగితం మీద కూడా డిజైన్లు వచ్చేవి. ఎవరు అచ్చువేస్తే వాళ్ళు ఒక పేరు పెట్టారు. కాబట్టి "ఈ డిజైన్‌కు ఫలానా ఫలానా పేర్లున్నాయి" అని రాసుకోండి. బొంత ఇచ్చిన కుటుంబం వేరే పేరుతో పిలిస్తే నేను ఆ పేరునే మొదట రాస్తాను.

మా బొంత మీద స్వస్తిక్ గుర్తు ఉంది! ఇంట్లో పెట్టుకోవచ్చా?

ఈ ప్రశ్న టెన్షన్‌తో అడిగేవాళ్ళే ఎక్కువ. 1930లకు ముందు అమెరికాలో కూడా స్వస్తిక్ శుభసూచకమే. గ్రీటింగ్ కార్డుల మీద, నాణేల్లాంటి తాయెత్తుల మీద, బొంతల మీద వాడేవారు. ఫ్లై ఫుట్, డెవిల్స్ పజిల్ వంటి పేర్లతో ఆ బ్లాక్ దొరుకుతుంది. జర్మనీలో నాజీలు దాన్ని జెండా మీదికి ఎక్కించాక ఇక్కడ జనం కుట్టడం మానేశారు. మనకు గడపమీది గుర్తే అయినా ఇక్కడ ఇంటికొచ్చే యూదు స్నేహితులకు అది ఏ గాయాన్ని గుర్తుచేస్తుందో మరవకూడదు. నేనైతే భద్రంగా దాచి, దాని కథ అడిగినవాళ్ళకు చూపిస్తాను. సోఫా మీద పరవను.

గూగుల్ లెన్స్‌తో పేరు తెలిసిపోదా?

కొన్నిసార్లు తెలుస్తుంది. కానీ ఎక్కువగా ఇప్పుడు అమ్మకానికి ఉన్న కొత్త దుప్పట్లనే చూపిస్తుంది. నమ్మదగిన దారి బొంతల చరిత్రకారిణి బార్బరా బ్రాక్‌మన్ కూర్చిన అతుకుల బ్లాకుల విజ్ఞానసర్వస్వం. 1993లో వచ్చింది, నాలుగు వేలకు పైగా డిజైన్లున్నాయి. అకారాది క్రమంలో కాకుండా గళ్ళ కట్టుబడిని బట్టి పేర్చింది కాబట్టి పేరు తెలియనివాళ్ళకే పనికొస్తుంది. ప్రతి బ్లాక్‌కూ ఒక నంబర్ ఉంటుంది. పేర్లు పది ఉన్నా నంబర్ ఒకటే కదా, అందుకే మ్యూజియంల వాళ్ళు కూడా ఆ నంబరే రాస్తారు. అమెరికాలో లైబ్రరీల ద్వారా తెప్పించుకోవచ్చు. క్విల్ట్ ఇండెక్స్ అనే ఉచిత ఆన్‌లైన్ భాండారంలో, నెబ్రాస్కాలోని లింకన్‌లో ఉన్న ఇంటర్నేషనల్ క్విల్ట్ మ్యూజియం సేకరణలో ఫొటోలు పోల్చి చూడవచ్చు.

## గుడ్డ, దారం, కాలం

డిజైన్ తెలిసింది. అంటే వయసు తెలిసినట్టేనా?

కాదు. నైన్ ప్యాచ్‌ను రెండు వందల ఏళ్ళ క్రితమూ కుట్టారు, నిన్నా కుట్టారు. డిజైన్ మహా అయితే "ఇంతకంటే పాతది కాకపోవచ్చు" అని చెబుతుంది. డబుల్ వెడ్డింగ్ రింగ్ నేడు మనమెరిగిన రూపంలో అచ్చయింది 1928లో, కాబట్టి అలాంటి బొంతను ఎవరైనా అమెరికా అంతర్యుద్ధం (1861–65) నాటిదంటే నమ్మకండి. వయసు చెప్పేది గుడ్డ. అందులోనూ అన్నిటికంటే కొత్త గుడ్డ ముక్క. అమ్మమ్మ లంగా ముక్క 1880ది కావచ్చు, పక్కనున్న ముక్క 1930ది అయితే బొంత 1930 తర్వాతదే.

పైపొర ఒక కాలానిది, కుట్టు పూర్తిచేసింది ఇంకో కాలంలో అయిన బొంతలూ బోలెడు. 1930ల పైపొరను పెట్టెలోంచి తీసి 1970ల్లో కూతురో మనవరాలో పూర్తిచేస్తుంది. అడుగు గుడ్డనూ లోపలి దూదినీ కూడా చూడనిదే మాట ఇవ్వకూడదు.

రంగులను బట్టి కాలం చెప్పొచ్చా?

కొంతవరకు. టర్కీ రెడ్ అనే ఎరుపు ఉతికినా వెలవదు, పక్కకు దిగదు. 19వ శతాబ్దపు ఎరుపు తెలుపు బొంతల్లో అదే మెరుస్తుంది. 1880ల తర్వాత వచ్చిన చవక కృత్రిమ ఎరుపులు మాత్రం వెలిసి గులాబీ కలిసిన గోధుమరంగుకు దిగిపోయాయి. లేత పుదీనా పచ్చ, లేత గులాబీ, లావెండర్ కలిసి తెల్ల నేల మీద నవ్వుతున్నట్టుంటే 1930లు అని దాదాపు ధైర్యంగా అనవచ్చు.

నాకు ఎక్కువ కథ చెప్పేవి పాడైన రంగులు. బొంతంతా బాగుండి, ఒక్క ముదురు గోధుమరంగు పువ్వులు మాత్రం రాలిపోయి, వాటి ఆకారంలోనే చిల్లులు పడి ఉండటం చూస్తాం. అది ఎలుకల పని కాదు. ఆ రంగు నిలవడానికి వాడిన ఇనుము గుడ్డను లోపలినుంచి తినేసింది. 1880ల నాటి పట్టు, మఖమల్ క్రేజీ క్విల్టుల్లో (ముక్కలను ఒక వరుస లేకుండా అడ్డదిడ్డంగా అతికిన బొంతలు) పట్టు పోగులు పోగులుగా చీలిపోయేదీ ఇలాంటి కారణంతోనే. బరువు పెరగాలని పట్టును లోహపు లవణాల్లో ముంచేవారు.

ఫీడ్ శాక్ గుడ్డ అంటారు. అదేనని ఎలా తెలుస్తుంది?

పిండి, చక్కెర, కోళ్ళ దాణా గుడ్డ సంచుల్లో వచ్చే రోజులవి. ఆ సంచుల గుడ్డతో ఆడవాళ్ళు గౌన్లు, బొంతలు కుట్టుకుంటున్నారని చూసి, 1920ల నుంచి కంపెనీలే పువ్వుల అద్దకంతో సంచులు చేశాయి. 1930ల కరువుకాలంలో, యుద్ధకాలంలో బాగా వాడారు. పెద్ద పెద్ద అచ్చులు, కాస్త గరుకు నేత ఉంటే అనుమానించవచ్చు, కానీ అంతమాత్రాన తీర్పు చెప్పకండి. అలాంటి గుడ్డ గజాల లెక్కనా అమ్మేవారు. గట్టి ఆధారం చిల్లుల వరుస. సంచి మూతిని లావు దారంతో గొలుసుకుట్టు వేసేవారు. అది విప్పితే సమాన దూరంలో చిల్లులు మిగులుతాయి. గుడ్డను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి, ముక్కల అంచుల దగ్గర వెతకండి. మొదటిసారి ఆ చుక్కల వరుస కనబడ్డప్పుడు ఒక దాణా బస్తాను నా చేతుల్లో పట్టుకున్నట్టు ఒళ్ళు జలదరించింది.

లోపల పత్తి గింజల తునకలు కనబడుతున్నాయి. అంటే చాలా పాతదా?

ఇది ఎప్పటినుంచో ఉన్న అపోహ. గింజ తీసే యంత్రం 1793లో వచ్చింది కాబట్టి గింజలుంటే అంతకుముందుది అంటారు. యంత్రం వచ్చాక కూడా చవకరకం దూదిలో తునకలు మిగిలేవి. 20వ శతాబ్దపు బొంతల్లోనూ ఉన్నాయి.

మెషిన్ కుట్టు ఉంది. మోసపోయానా?

లేదు. కుట్టుమెషిన్లు 1850ల నుంచే ఇళ్ళలోకి వచ్చాయి. ఖరీదైన వస్తువు కాబట్టి దాని కుట్టు పైకి కనబడేలా గర్వంగా వేసినవాళ్ళూ ఉన్నారు. అంచు పట్టీ మెషిన్‌తో, టాకాలు చేత్తో వేయడం మామూలే. లోపల స్పాంజిలా ఉబ్బిన పాలియెస్టర్ ఉంటే మాత్రం పూర్తిచేసింది 1960లకు ఇటే.

అచ్చు పువ్వు ఒక్కటీ లేదు, అన్నీ ముదురు సాదా రంగులు. ఆమిష్ వాళ్ళదేనా?

కావచ్చు. ఆమిష్ అంటే ఆధునిక వస్తువులకు దూరంగా నిరాడంబరంగా బతికే అమెరికన్ క్రైస్తవ సమాజం. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ ఆమిష్ పాత బొంతలైతే ఉన్ని గుడ్డతో, నడుమ ఒక పెద్ద వజ్రమో వెడల్పాటి పట్టీలో ఉంటాయి. ఒహాయో ఆమిష్ వాళ్ళవి ఎక్కువగా నూలు, చిన్న బ్లాకులు, నల్ల నేల. కానీ సాదా గుడ్డతో మిగతావాళ్ళూ కుట్టారు. అమ్మినవాళ్ళ మాట కాక టాకాలను చూడండి. సన్నగా, దగ్గరగా, బొంత నిండా ఉంటే ఆశ పెట్టుకోవచ్చు.

మన కలంకారీ లాంటి గుడ్డ కనబడింది. నిజంగా మన దేశానిదేనా?

18వ శతాబ్దంలో మచిలీపట్నం సహా కోరమాండల్ తీరం నుంచి చేత్తో రంగులద్దిన నూలు గుడ్డలు ఓడల్లో యూరప్‌కు, అక్కడి నుంచి అమెరికాకు చేరాయి. జీవవృక్షం ఉన్న పెద్ద పరుపు గుడ్డలను పాలంపోర్లు అనేవారు. ఆ గుడ్డ మీది పక్షులను, పువ్వులను కత్తిరించి తెల్ల గుడ్డ మీద కుట్టుకున్న పాత బొంతలు మ్యూజియంలలో ఉన్నాయి. కానీ ఇంగ్లండ్ మిల్లులు త్వరలోనే వాటికి నకళ్ళు అచ్చువేశాయి, ఇళ్ళలో దొరికేవి చాలావరకు ఆ నకళ్ళు, వాటి నకళ్ళు. గీతలో చేతి వణుకు, లావు సన్నం కనబడితే, అదే పువ్వు రెండోసారి వచ్చినప్పుడు కాస్త వేరేగా ఉంటే, వెంటనే మ్యూజియం వాళ్ళకు చూపించండి. ఉతకకండి.

## పేరు తేలాక, తేలకపోతే

ఈ డిజైన్లు బానిసలు పారిపోవడానికి రహస్య సంకేతాలట కదా?

ఈ కథ 1999లో వచ్చిన ఒక పుస్తకంతో బాగా ప్రచారమైంది. వినడానికి గుండె కరిగే కథే. కానీ ఆ కాలంలో తప్పించుకుని వచ్చినవాళ్ళు చెప్పుకున్న స్వీయకథల్లో ఎక్కడా ఈ మాట లేదు, చరిత్రకారులు దీన్ని ఒప్పుకోరు. సంకేతాలుగా చెప్పే డిజైన్లలో 1928లో అచ్చయిన డబుల్ వెడ్డింగ్ రింగ్ పేరు కూడా ఉంది, బానిసత్వం రద్దయింది 1865లో. నల్లజాతి మహిళల బొంతలకు ఈ కథ అవసరం లేదు. అలబామాలోని గీస్ బెండ్ మహిళలు పాత పని ప్యాంట్లతో కుట్టిన హౌస్‌టాప్ బొంతలను (చదరం చుట్టూ చదరంగా పట్టీలు పేర్చినవి) ఒక్కసారి చూడండి, ఎంత సేపైనా చూస్తూ ఉండిపోతారు.

ఎంత వెతికినా పేరు దొరకలేదు. ఏం చేయాలి?

కుట్టినావిడ సొంతంగా అల్లుకుని ఉండవచ్చు, అచ్చు డిజైన్‌ను మరిచిపోయి మార్చి ఉండవచ్చు. "పేరు తెలియని డిజైన్" అని రాసి, వర్ణన ఇవ్వండి: ఐదు గళ్ళ బ్లాక్, నడుమ నాలుగు రేకులు, మూలల్లో ముక్కోణాలు. దగ్గరలో ఉందని వేరే డిజైన్ పేరు తగిలించకండి. తర్వాత చూసేవాళ్ళకు ఆ తప్పు పేరే నిజమైపోతుంది.

ఉతకొచ్చా?

గుర్తుపట్టే పని పూర్తయ్యేదాకా వద్దు. వాషింగ్ మెషిన్‌లో అసలే వద్దు. నీడపట్టున రెండు రోజులు ఆరబెడితే వాసన చాలావరకు పోతుంది.

పేరు, కాలం తేలాయి. ఎక్కడ రాసి పెట్టాలి?

ఒక చిన్న తెల్ల నూలు గుడ్డ ముక్కను ముందు ఉతికి ఆరబెట్టండి. గుడ్డ మీద వెలవని పెన్నుతో డిజైన్ పేర్లు, సుమారు కాలం, ఎక్కడ, ఏ సంవత్సరం కొన్నారో, అమ్మినవాళ్ళు చెప్పిన మాటలు వాళ్ళ మాటల్లోనే రాయండి. కుట్టినావిడ పేరు తెలిస్తే అన్నిటికంటే పైన రాయండి. బొంత వెనక, కింది మూలన, అడుగు పొరకు మాత్రమే తగిలేలా నాలుగు పక్కలా చిన్న కుట్లు వేయండి. పైపొర దాకా సూది పోనివ్వకండి.